బండి వణికితే పార్టు మార్చడం కాదు, ముందు కారణం వెతుకుదాం



మనం ఇక్కడ నోటిఫికేషన్ల గురించి, జీవోల గురించి, హాస్టళ్ల గురించి చాలా రాసుకుంటాం. ఈసారి మన సర్వీసు జీపుల గురించి రాస్తున్నాను. పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు వైపు సంతకెళ్లాలన్నా, ఆసుపత్రికెళ్లాలన్నా చాలా ఊళ్లకి జీపే దిక్కు. నడిపేది మన అన్నలు, బావలు. ఎక్కేది మన అమ్మలు, పిల్లలు. కాబట్టి ఆ బండి కింద వచ్చే వణుకు కూడా మన విషయమే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వణుకు విషయంలో మనకి రెండు చెడ్డ అలవాట్లున్నాయి. ఒకటి, "పర్లేదు, నడిచినన్నాళ్లు నడవనీ" అనుకోవడం. రెండోది, షెడ్డులో ఏది చెప్తే అది మార్చేయడం. ముందు క్రాస్, తర్వాత సెంటర్ బేరింగ్, ఆ తర్వాత టైర్లు. చివరికి డబ్బులు పోతాయి, వణుకు మాత్రం అలాగే ఉంటుంది.

మొదటి అలవాటు ప్రాణాలకే ముప్పు. ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి శక్తిని తీసుకెళ్లే గొట్టం. దాని చివర్లలో క్రాస్‌లుంటాయి. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది కదా, ఆ పట్టు చక్రాలకి చేరేది ఈ షాఫ్ట్ ద్వారానే. దిగుడులో క్రాస్ విరిగితే ఆ పట్టు ఒక్కసారిగా పోయి, నిండు బండి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ముందు చివర ఊడి కిందపడితే షాఫ్ట్ రోడ్డుకి గుచ్చుకోవచ్చు కూడా.

రెండో అలవాటుకి మందు, తప్పు ఎక్కడుందో మనమే కనిపెట్టడం. అదేం బ్రహ్మవిద్య కాదు.

ముందు బండి ఆపి న్యూట్రల్‌లో రేసు ఇచ్చి చూడండి. నిలబడ్డప్పుడే వణికితే ఇంజిన్ వైపు, మౌంటింగుల వైపు చూడాలి. కదిలినప్పుడే వస్తుంటే, జనం లేకుండా, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీదకి తీసుకెళ్లండి. ఏ వేగంలో వణుకుతోందో గుర్తుపెట్టుకుని, అదే వేగంలో గేరు మార్చండి. ఇంజిన్ చప్పుడు మారినా వణుకు మారలేదంటే తప్పు గేర్‌బాక్స్ వెనకాలే ఉందన్నమాట. అయితే షాఫ్ట్, లేకపోతే చక్రాలు.

ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి స్కూలు లెక్క చాలు. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకోండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి దాదాపు ఏడున్నర చుట్లు, షాఫ్ట్ 30 చుట్లు తిరుగుతాయి. అందుకే చక్రంలో తప్పుంటే ఊపులా తెలుస్తుంది. షాఫ్ట్‌లో తప్పుంటే సీటు కింద జుమ్మని సన్నగా అదురుతుంది. స్టీరింగ్ ఊగుతుంటే ముందు చక్రాలు చూడండి.

తర్వాత బండి కిందకి. చదును నేల మీద ఆపి, తాళం తీసి, చక్రాలకి రెండు వైపులా పెద్ద రాళ్లు పెట్టాకే దూరాలి. షాఫ్ట్ విప్పేస్తే గేరులో పెట్టినా బండి ఆగదు, ఇది మర్చిపోవద్దు. షాఫ్ట్‌ని చేత్తో తిప్పి, పైకీ కిందకీ ఆడించి చూడండి. క్రాస్ దగ్గర లూజు ఉందా, కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉందా? సెంటర్ బేరింగ్ ఉన్న బండి అయితే దాని రబ్బరు చిరిగిందా? బోల్టులు వదులయ్యాయా? గొట్టానికి సొట్ట ఉందా? బ్యాలెన్స్ కోసం అతికించిన చిన్న ఇనుప ముక్క ఊడిపోయిందా? ఒక్కోసారి గొట్టానికి ఎండిపోయిన బురద ఒక పక్కనే అంటుకున్నా వణుకొస్తుంది. అది కడిగితే చాలు, రూపాయి ఖర్చు లేదు.

"కొత్త క్రాస్ వేశాక కూడా వణుకు" అనే మాట చాలాసార్లు వింటాం. దానికొక కారణముంది. వంపులో తిరిగే క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. రెండో క్రాస్ దాన్ని సరిచేస్తుంది. కానీ షాఫ్ట్ రెండు చివరల ఫోర్కులూ ఒకే వరసలో ఉంటేనే ఆ సర్దుబాటు జరుగుతుంది. స్లిప్ జాయింట్ విప్పి, ఒక పన్ను అటూ ఇటూగా బిగించినా అది చెడిపోతుంది. అందుకే విప్పే ముందు సుద్దతోనో పెయింటుతోనో గీత పెట్టమని మెకానిక్‌కి చెప్పండి. ఎక్కువ లోడు కోసం కమాన్ కట్టలకి అదనపు పట్టీలు వేయించినా షాఫ్ట్ వంపు మారి వణుకు రావచ్చు.

"సంతరోజు బండి ఆపితే కిస్తీ ఎవరు కడతారు?" అని అన్నలు అడుగుతారు. న్యాయమైన మాటే, వాళ్ల మీద నాకు కోపం లేదు. అందుకే సంత ముందురోజు సాయంత్రం ఓ అరగంట పెట్టుకుని చూసుకోమంటున్నాను. గ్రీజు నిపుల్ ఉన్న క్రాస్ అయితే నాలుగు కప్పుల నుంచీ గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. క్రాస్ పోయాక పెట్టే ఖర్చు ముందు గ్రీజు ఖర్చెంత?

చదువుకున్న తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఒక మాట. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్. డిగ్రీ సీటు రానివాళ్ల చదువని దాన్ని చిన్నచూపు చూస్తున్నాం. ఘాట్ మీద నలభై చేతులు పట్టుకుని వేలాడే బండిని క్షేమంగా ఉంచే చదువు చిన్నదెలా అవుతుంది? షాఫ్ట్ బ్యాలెన్సింగ్‌కి మెషిన్ కావాలి, అందుకు మైదానం వెళ్లక తప్పదు. కానీ జబ్బు ఏంటో మనకి తెలిసి వెళ్తే, ఆ ఒక్క పనికే డబ్బులిచ్చి తిరిగొస్తాం.

ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊరి జీపు అన్నతో కూర్చోండి. ఏ వేగంలో, ఏ గేరులో, లోడుతోనా ఖాళీగానా వణుకుతోందో ఒక కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం పట్టుకుని షెడ్డుకెళ్లినవాడికి అక్కర్లేని పార్టు అంటగట్టడం అంత తేలిక కాదు.