బోర్డు మార్చడం కాదు, ముందు మూత తీయండి

"కంప్యూటర్ అన్నాక చప్పుడు రాదా" అనేవాళ్లకో దండం. మదర్‌బోర్డు మీది బుల్లి ఫ్యాను కీచుమంటోందంటే అది కంప్యూటర్ లక్షణం కాదు, ఒక భాగం అరిగిపోయిందని అర్థం. స్కూటర్ బ్రేకు కీచుమంటే బ్రేక్ షూ మారుస్తాం గానీ స్కూటర్‌ని పాత సామాన్లవాడికి వేసేయం కదా! మరి మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి ఈ ఇంగితం ఎక్కడికి పోతోంది?

చిప్‌సెట్ మీది ఫ్యాను చాలా బోర్డుల్లో 40 మిల్లీమీటర్లో, అటూ ఇటూనో ఉంటుంది. కేసు ఫ్యాను మామూలుగా 120. రెక్క చిన్నదైతే సరిపడా గాలి తోలడానికి చాలా వేగంగా తిరగాలి. వేగంతోపాటే మోత. ఒకే ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుందని లెక్క. దానికి తోడు చవకరకం స్లీవ్ బేరింగు. వేడికి అందులో నూనె ఎండిపోతుంది, దుమ్ము చేరుతుంది, ఇక కచేరీ మొదలు. ఇదేమీ దేవరహస్యం కాదు. 2005 ప్రాంతంలో ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్4 బోర్డులు వాడినవాళ్లని అడిగి చూడండి.

అంతా తెలిసి కూడా, 2019లో ఏఎండీ ఎక్స్570 చిప్‌సెట్ వచ్చినప్పుడు దాదాపు ప్రతి బోర్డు మీదా మళ్లీ అదే బుల్లి ఫ్యాను. పీసీఐఈ 4.0 కదా, వేడి తప్పదన్నారు. సరే. మరి 2021లో ఎక్స్570ఎస్ బోర్డులు ఫ్యాను లేకుండా ఎలా వచ్చాయి? అంటే దారి ఉంది, ముందు వెతకలేదంతే.

ఇక నా గోల. మాది రెండు గదుల ఇల్లు. రాత్రిళ్లు నాకు ఆన్‌సైట్ వాళ్లతో కాల్స్. అదే గదిలో, ఆపరేషనై ఇంటికొచ్చిన నాన్న పడుకుంటారు. పాపం ఆయనేమీ అనరు, దిండు తీసి చెవి మీద పెట్టుకుంటారు. షాపువాడేమో కేసు మూత కూడా తీయకుండా "బోర్డు మార్చేయండి సార్, 16 వేలవుద్ది" అన్నాడు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ ఫ్యాను విడిగా అమ్మరట! మూడేళ్ల వారంటీ అయిపోయింది కాబట్టి కొత్త బోర్డు కొనుక్కోమని ఉచిత సలహా. మా టీంలో ఒకాయన మరీ ఘనుడు, "హెడ్‌ఫోన్స్ పెట్టుకో బాస్" అన్నాడు. నేను పెట్టుకుంటా, మా నాన్నక్కూడా పెట్టమంటారా?

నేనే విప్పా. ముందు పేపర్ని గొట్టంలా చుట్టి చెవికి ఆనించి వింటే మోత ఎక్కడిదో తేలిపోయింది. తర్వాత కరెంటు తీసేసి, స్కేలుతో కొలిచి చూశా. గ్రాఫిక్స్ కార్డుకి తగలకుండా 10 మి.మీ. మందం ఫ్యాను పడుతుంది. మరల మధ్య దూరం సరిపోయే 40 మి.మీ. ఫ్యాను, నెమ్మదిగా తిరిగేది, 700 రూపాయలకి దొరికింది. దాని కనెక్టర్ పాత చోట పట్టదు. బోర్డు మీదే ఖాళీగా ఉన్న కేస్ ఫ్యాన్ హెడర్‌కి తగిలించా. మొత్తం నలభై నిమిషాల పని. చిప్‌సెట్ ఇదివరకు 64 డిగ్రీలు, ఇప్పుడు 61. చప్పుడా? సీలింగ్ ఫ్యాను ఆపితే తప్ప వినపడట్లేదు.

ఒక్కమాట. "ఫ్యాను పీకేసి వదిలెయ్" అనే సలహాలు కూడా వస్తాయి, వినకండి. ఆ హీట్‌సింకు ఫ్యానుని నమ్ముకుని చేసింది.

ఇప్పుడు చెప్పండి, 700 ఎక్కడ, 16 వేలెక్కడ? నిక్షేపంలాంటి బోర్డు చెత్తలోకి పోవాలి, మన డబ్బు వాళ్ల గల్లాలోకి పోవాలి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది, డిసెంబరుకల్లా పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ అరిగిపోతుందని ముందే తెలిసిన భాగాన్ని బిగించి, దాన్ని విడిగా అమ్మనంటే ఆ హక్కుని ఏం చేసుకోవాలి? ఫ్రేము కట్టించుకోవాలా?

సగం తప్పు మనవాళ్లది కూడా. ఇంజినీరింగ్ డిగ్రీ గోడకి తగిలించుకుని, నాలుగు మరలు విప్పడానికి భయపడతారు. ఆ భయం మీదే కదా వాళ్ల వ్యాపారం! ఈసారి ఎవరైనా "బోర్డు మార్చేయండి సార్" అంటే స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టి, ముందు మూత తీయమనండి.