పచ్చి ముక్కలకీ పళ్ళెంలో చోటివ్వాలి



మన పళ్ళెంలో అన్నం ఉంది, పప్పు ఉంది, గుడ్డు ఉంది. కరకరలాడే పచ్చి కూరగాయ ముక్క మాత్రం లేదు. వారానికి రెండు రోజులైనా అది ఉండాలని నా అభిప్రాయం.

"పచ్చివి పశువులు తింటాయి" అని కొందరు నవ్వుతారు. మరి ఇంటికెళ్తే మనమేం చేస్తున్నాం? పోడులో తీగనున్న దోసకాయ తెంపి అక్కడికక్కడే కొరుక్కు తింటాం. లేత కందికాయలు ఒలుచుకు తింటాం. సీతంపేట కొండల మీద తింటే లేని చిన్నతనం హాస్టల్లో తింటే ఎలా వచ్చింది?

వారం వారం మనకిచ్చే నీలం మాత్ర ఐరన్ మాత్ర. ఒంట్లో రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం. పాఠం బుర్రకెక్కదు. ఆడపిల్లలకి ఈ బాధ మరీ ఎక్కువ. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. వండితే అది కొంత పోతుంది, ఉడికిన నీళ్ళు పారబోస్తే మరికొంత పోతుంది. నిమ్మరసంలోనూ పచ్చి ముల్లంగిలోనూ అది ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ జబ్బు పడిన 12 మంది నావికుల్ని జతలుగా చేసి, జతకొక రకం మందు ఇచ్చి చూశాడు. అందరికన్నా త్వరగా కోలుకున్నది నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే! పదేళ్ళు దాటినవాళ్ళు రోజుకి 400 గ్రాములైనా కూరగాయలు, పళ్ళు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం ఎంత తింటున్నామో ఎవరికి వారే లెక్కేసుకోండి.

చేయడం ఎంతసేపు? ముల్లంగి, దోసకాయ, కేరట్ సన్నగా తరగాలి. ఉల్లిపాయ, కొత్తిమీర, ఉంటే మొలకెత్తిన పెసలు కలపాలి. నిమ్మకాయ పిండాలి. ఉప్పు మాత్రం భోజనం గంట కొట్టాకే వెయ్యాలి. ముందే వేస్తే నీరు ఊరి ముక్కలు మెత్తబడిపోతాయి.

"పచ్చివి తింటే నులిపురుగులు రావా?" అని వార్డెన్ గారు అడగొచ్చు. అది న్యాయమైన భయమే. మట్టితో తింటే వస్తాయి. అందుకే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాయల్ని కుళాయి ధార కింద రుద్ది కడగాలి. కత్తిపీట కూడా కడగాలి. తరిగిన ముక్కలు పూటకి మించి ఉంచకూడదు.

ఇక ఖర్చు, పని. వంట అక్కలకీ కమాటీకీ ఇప్పుడున్న పనే ఎక్కువ. కాబట్టి కడగడం, తరగడం తరగతికొక రోజు చొప్పున పెద్ద తరగతుల వాళ్ళమే పంచుకుందాం. వంటగది వెనక ఖాళీ జాగాలో మడులు కడదాం. ముల్లంగి విత్తితే సుమారు 45 రోజుల్లో చేతికొస్తుంది. దాని ఆకు కూరకి పనికొస్తుంది. కానీ బాత్రూం కాలువ నీరు ఆ మడికి పోనివ్వకూడదు.

వార్డెన్ గారూ, ఒక్క నెల చేసి చూడమని మా మనవి. పళ్ళేల్లో ముక్కలు మిగిలిపోతే ఆపేయండి. మిగలవని నా నమ్మకం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని