సోమాలీల సామెతలు

సామెత లేని మాట ఆమెత లేని యిల్లని మన పెద్దలందురు. ఈ మాటను మనసార నంగీకరించు జాతి యొకటి ఆఫ్రికా ఖండపు తూర్పు కొమ్మున నున్నది. వారు సోమాలీలు. సోమాలియా, జిబూటీ దేశములందును, ఇథియోపియా, కెన్యా దేశముల సరిహద్దు సీమలందును వారు నివసించుచున్నారు. వానలు తక్కువగు ఆ నేలపై ఒంటెలను, మేకలను, గొర్రెలను మేపుచు, నీటిని పచ్చికను వెదకికొనుచు సంచరించుట వారిలో పెక్కుమందికి తరతరముల జీవనవిధానము. సామెతను వారు ‘మాహ్‌మాహ్’ అందురు.

సోమాలీ భాషకు ప్రభుత్వము లిపిని నిర్ణయించినది 1972వ సంవత్సరమున. అంతకుముందు కొన్ని లిపులు పుట్టినను దేశమంతట వ్యాపింపలేదు. కావున సామాన్యజనుల నీతియు, న్యాయమును, అనుభవమును నాలుకలపైననే నిలువవలసివచ్చెను. సంచారజీవికి గ్రంథము బరువు. సామెతను మోయుటకు ఒంటె యక్కరలేదు. అట్లని వారు అక్షరమును తృణీకరింపలేదు. జ్ఞానము లేకుండుట వెలుగు లేకుండుటయే యని వారి సామెత. 1974లో పాఠశాలలు మూసి, వేలకొలది విద్యార్థులను మందలు మేయు చోట్లకు పంపి, అచటివారికి చదువు నేర్పించిరి.

ఇక లిపి వచ్చినది గదా, సామెతలతో పనియేమని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న సరియైనది కాదని నా అభిప్రాయము. సామెత అక్షరమునకు బదులుగా వాడుకొన్న వస్తువు కాదు. అది ఆలోచనకు పనిముట్టు. ఒక్క వ్రేలు ముఖము కడుగలేదని సోమాలీ లందురు. లోతైన నూతినుండి నీరు తోడి మందనంతటిని త్రాగించుట యొక్కనివలన కాదని యెరిగిన వారికి ఆ మాట నిత్యానుభవము. నేల తిరుగనివానికి కన్నులు లేవని మరియొక సామెత. పచ్చిక యెచట నున్నదో స్వయముగా చూచి రావలసిన జాతికది ప్రాణరక్షకమైన బుద్ధి.

అయితే సామెతలు ఒకదానితో నొకటి పోట్లాడుటయు కలదు. మూసిన నోరు బంగారమని వారే చెప్పుదురు. నిన్ను హెచ్చరించినవాడు నిన్ను చంపలేదనియు వారే చెప్పుదురు. మొదటిది మౌనమును మెచ్చుచున్నది. రెండవది ముందుగా నోరు విప్పినవానిని మెచ్చుచున్నది. ఎప్పుడు మౌనము వహింపవలెను? ఎప్పుడు హెచ్చరింపవలెను? ఇది యే సామెతయు చెప్పదు. సామెతను కంఠస్థము చేయుట సులభము. దాని సమయము నెరుగుటయే వివేకము.

సోమాలీల సంప్రదాయ న్యాయమునకు ‘హేర్’ అని పేరు. తగవు వచ్చినప్పుడు పెద్దలు చెట్టునీడను కూర్చుండి విచారింతురు. తీర్పు ఇద్దరిని ఒక్కసారి నవ్వింపదని వారి సామెత. ఇందు గొప్ప సత్యమున్నది. న్యాయము కోరువాడు తనకు కొంత నష్టము కలుగునని ముందే సిద్ధపడవలెను.

1991లో సోమాలియా కేంద్రప్రభుత్వము కూలిపోయి, అంతఃకలహము చెలరేగెను. 1993లో ఉత్తరభాగమునందలి బోరమ పట్టణమున తెగల పెద్దలు సమావేశమై, నెలల తరబడి చర్చించి, శాంతికిని పరిపాలనకును ఏర్పాట్లు కుదుర్చుకొనిరి. ఆ కాలముననే దక్షిణభాగమున యుద్ధము సాగుచుండెను. శాంతి యున్నచోట పాలు, పగ యున్నచోట కరవు అను భావముగల సామెత ఉత్తరమువారికిని తెలియును, దక్షిణమువారికిని తెలియును. నాలుకపై నున్న సామెత యుద్ధమును ఆపలేదు. ఓపికతో కూర్చుండి, ఎదుటివాని మాట వినినచోటనే దానికి బలము చేకూరెను.

బాలబాలికలారా! సామెతను పరీక్షలో వ్రాయుటకు మాత్రమే నేర్చుకొనవలదు. అన్ని సామెతలును ఆదరణీయములు కావు. ఏ జాతి సామెతలలోనైనను పాతకాలపు దురభిప్రాయములును దాగియుండును. వానిని జల్లించి, మంచిని గ్రహింపుడు. స్నేహితునితో తగవు వచ్చిననాడు, తీర్పు ఇద్దరిని ఒక్కసారి నవ్వింపదను మాటను తలచుకొని, మీరే ఒక అడుగు వెనుకకు తగ్గి చూడుడు. దూరదేశపు పశుపాలకులు మనకు పంపిన ధనమది. ఖర్చు పెట్టిననేగాని దాని విలువ తెలియదు.