బోర్డు మీద ఎవరి పేరు ఉండాలి?

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో మారికోపా అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా అనుకోండి. ఫీనిక్స్ మహానగరం అందులోదే. మారికోపా అన్నది ఒక ఆదివాసీ జాతి పేరు. ఆ జాతి వాళ్లు ఇప్పుడు గీలా నది, సాల్ట్ నది పక్కన తమకు కేటాయించిన భూముల్లో ఉంటున్నారు. కౌంటీకి వాళ్ల పేరు మిగిలింది. ఇలాంటి పేర్లు మన దగ్గర కూడా ఉన్నాయి కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఆ కౌంటీలో ఎవరిని అరెస్టు చేసి జైలుకు తెచ్చినా ముందు వేలిముద్రలు తీసుకుంటారు, తర్వాత గోడకు నిలబెట్టి ముఖం ఫొటో తీస్తారు. దాన్ని అక్కడ మగ్‌షాట్ అంటారు. ఆ ఫొటోను పేరు, పుట్టిన తేదీ, నేరం రకంతో సహా షెరీఫ్ ఆఫీసు తన వెబ్‌సైట్‌లో పెట్టేది. మూడు రోజులు ఉంచేది. అప్పటికి సాక్షి నోరు విప్పలేదు, కోర్టు ఒక్క మాట అనలేదు. అక్కడ షెరీఫ్ ఓట్లతో గెలిచే మనిషి. ఎంతమందిని పట్టుకున్నాడో జనానికి చూపించుకోవడం అతనికి ఎన్నికల ప్రచారం కూడా. 2011లో ఆనాటి షెరీఫ్ జో ఆర్పాయో ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ రోజు ఫొటోల్లో ఏది బాగుందో ఓటు వేయమని జనాన్ని పిలిచాడు. మనిషి బతుకులో అన్నిటికంటే చెడ్డ రోజున తీసిన ఫొటోకు పోటీ పెట్టాడు. కోర్టు ఉత్తర్వును ధిక్కరించాడని 2017లో కోర్టు అదే ఆర్పాయోను దోషిగా తేల్చింది. నెల తిరక్కుండానే దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. ఆయన ముఖానికి ఓట్లు వేయమని ఎవరూ అడగలేదు.

2022 జనవరిలో అక్కడ ఒకతన్ని అరెస్టు చేశారు. తర్వాత కేసు ఎత్తేశారు. కానీ ఫొటో అప్పటికే ఇంటర్నెట్‌లోకి పోయింది. షెరీఫ్ పేజీలోంచి తీసేసినా ప్రైవేటు వెబ్‌సైట్లు దాన్ని కాపీ చేసి పెట్టుకున్నాయి. అతను కోర్టుకెక్కాడు. 2024 సెప్టెంబరులో ఫెడరల్ అప్పీలు కోర్టు అతని వాదన నిలుస్తుందని చెప్పింది. పారదర్శకత పేరుతో విచారణకు ముందే మనిషిని ఇలా బజారున నిలబెట్టడం శిక్షతో సమానమని తేల్చింది.

పెన్సిల్వేనియాలో బక్స్ కౌంటీ ఉంది. 1998లో అరెస్టయిన ఒకతని రికార్డు చెరిపేయమని 2000లో జడ్జి ఆదేశించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు కౌంటీ తన జైలు రికార్డులన్నీ జనం వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. చెరిగిపోయిందనుకున్న అతని ముఖం మళ్లీ బయటికొచ్చింది. దావా వేశాడు. 2019లో జ్యూరీ సుమారు 67 వేల మందికి తలా 1,000 డాలర్లు కట్టమంది. ఒక మనిషి అడిగితే తేలింది, 67 వేల మందికి అన్యాయం జరిగిందని.

ఇంకో వ్యాపారం కూడా సాగింది. కౌంటీల పేజీల నుంచి ఫొటోలు ఏరుకుని తమ వెబ్‌సైట్లో పెట్టడం, తీసేయాలంటే డబ్బు అడగడం. 2018లో కాలిఫోర్నియా ప్రభుత్వం అలాంటి ఒక వెబ్‌సైటు యజమానులుగా భావించిన నలుగురి మీద బలవంతపు వసూళ్ల కేసు పెట్టింది. యూటా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఈ ఫొటోల మీద ఆంక్షలు తెచ్చాయి. అన్ని రాష్ట్రాలూ తేలేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మనకెందుకని అడిగేవాళ్లుంటారు. ముందు ఒక మాట ఒప్పుకుందాం. అరెస్టులు రహస్యంగా జరగడం అంతకంటే ప్రమాదం. ఆ సంగతి ఆదివాసులకు ఎవరూ నేర్పక్కర్లేదు. తెల్లవారుజామున గూడెంలోంచి కుర్రాణ్ణి జీపులో ఎక్కించుకుపోతే, ఈ స్టేషన్లో లేడు, ఆ స్టేషన్లో లేడు అని చెబుతుంటే, తల్లి కొండలు దిగి తిరిగిన రోజులు మన ప్రాంతాలకు తెలుసు. అందుకే డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు మనకు విలువైనవి. అరెస్టు చేసే పోలీసు తన పేరు, హోదా కనబడేలా పెట్టుకోవాలి. అరెస్టు పత్రం రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు కబురు చెప్పాలి. తర్వాత 2008 సవరణ చట్టంతో 41-సి సెక్షన్ వచ్చింది. జిల్లా కంట్రోల్ రూమ్ బయట బోర్డు మీద అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా రాయాలి. పక్కనే అరెస్టు చేసిన పోలీసు అధికారి పేరు, హోదా రాయాలి. ఆ బోర్డు ఎవరి కోసం? వెతుక్కుంటూ వచ్చే తల్లి కోసం. పోలీసుల మీద కన్ను వేయడం కోసం.

ఇప్పుడు కొత్త చట్టం చూడండి. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. అందులో 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, ఏ నేరం మోపారో ఆ వివరం ప్రతి పోలీస్ స్టేషన్లోనూ, జిల్లా కేంద్రంలోనూ ప్రముఖంగా ప్రదర్శించాలి. డిజిటల్ రూపంలో కూడా పెట్టొచ్చు. పాత సెక్షన్‌లో ఉండి ఇందులో లేనిదేమిటి? అరెస్టు చేసిన అధికారి పేరు. పాత బోర్డు మీద లేక కొత్తగా చేరిందేమిటి? మోపిన నేరం. పోలీసును చూడ్డానికి పెట్టిన బోర్డును నెమ్మదిగా మన వైపు తిప్పారు. మారికోపా దారి ఇక్కడే మొదలవుతుంది. చట్టం ఫొటో అడగలేదు కదా అనొచ్చు. ఫొటో పెట్టడానికి మన దగ్గర చట్టం కోసం ఎవరు ఆగారు? గంజాయి కేసు, ఎర్రచందనం కేసు పట్టుకున్న రోజు ప్రెస్‌మీట్ చూడండి. బల్ల వెనక అధికారులు కుర్చీల్లో ఉంటారు. మూటల పక్కనో, దుంగల పక్కనో మనవాళ్లను నిలబెడతారు. ముసుగు వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. మూట మోసినవాడి ఫొటో వస్తుంది. మూటకు డబ్బు పెట్టినవాడి ఫొటో ఎప్పుడో గానీ రాదు.

పేరు, ఊరు రాస్తే తప్పేమిటి అంటారు. హైదరాబాద్‌లో ఒక పేరు రాస్తే లక్షల మందిలో కలిసిపోతుంది. ముప్పై గడపల గూడెంలో అందరిదీ ఒకటో రెండో ఇంటిపేర్లు. పాంగి అనో, కొర్రా అనో, మడావి అనో రాసి ఊరి పేరు రాస్తే అరెస్టయింది ఒకడు కాదు, ఆ గూడెమంతా. మర్నాడు హాస్టల్లో ఆ ఇంటిపేరున్న పిల్లను పక్క పిల్లలు అడుగుతారు. పనికి పోతే మేస్త్రీ అడుగుతాడు.

ఇది మనకు కొత్త కూడా కాదు. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నేరం చేశాడా లేదా అని కాదు, ఏ జాతిలో పుట్టాడన్నదే లెక్క. పేరు రిజిస్టరుకు ఎక్కించడం, వేలిముద్ర తీసుకోవడం, వేళకు హాజరు వేయించడం. ఎరుకలవాళ్లను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో పెరిగిన ఊరే. మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొర పేరు దానికి పెట్టారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం తెచ్చుకుంది. జాతి మాట తీసేసి అలవాటు మాట పెట్టారు. మనం తిట్టుగా వాడే 'కేడీ' ఎక్కడిదో పిల్లలకు చెప్పండి. నోన్ డెప్రిడేటర్ అని పోలీసు రికార్డుల్లో రాసుకున్న ఇంగ్లీషు మాటకు అది పొట్టి పేరు. రిజిస్టరులోంచి నాలుక మీదికి వచ్చింది. ఆ రిజిస్టరులో ఉన్న జాతుల పిల్లలే ఇవాళ ఒకరినొకరు కేడీ అనుకుంటున్నారు.

ఈ పాత బుద్ధి పోలేదని మేం అంటే కోపాలు వస్తాయి. సుప్రీంకోర్టు అన్నది చూపిస్తాం. 2024 మే నెలలో హిస్టరీ షీట్ల మీద తీర్పు ఇస్తూ, ఎస్సీ, ఎస్టీ, విముక్త జాతుల వాళ్ల పేర్లను యాంత్రికంగా ఎక్కించకుండా విధానాలు సరిచూసుకోవాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే రూల్సును, విముక్త జాతులను నేరస్థులుగా చూసే రూల్సును కొట్టేసింది.

మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. వాళ్లలో ఎంతోమంది మీద కేసు చివరికి నిలవదు. అరెస్టు రోజు ఫొటో వేసిన పేపరు, విడుదల రోజు ఫొటో వేస్తుందా? గ్రూపులో పంపిన మనం 'కేసు కొట్టేశారు' అని మళ్లీ పంపుతామా?

సెల్‌ఫోన్ ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ ఫోన్‌తో వెతకాల్సింది ముఖాలు కాదు. మనవాళ్లను పట్టుకుపోతే పోలీసు వెబ్‌సైట్లో ఎఫ్.ఐ.ఆర్. వెతకండి. 2016 సెప్టెంబరు తీర్పు ప్రకారం 24 గంటల్లో, ఇంటర్నెట్ సరిగా అందని చోట 72 గంటల లోపు పెట్టాలి, సున్నితమైన కేసులు తప్ప. ఏ సెక్షన్లు పెట్టారో చదివి ఇంటివాళ్లకు మన భాషలో చెప్పండి. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టారో లేదో అడగండి. ఎస్టీ అయితే ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. 1987 చట్టంలోనే అది ఉంది.

టీచర్లకు ఇంకో పని ఉంది. 2022లో వచ్చిన గుర్తింపు చట్టం కింద తీసిన ఫొటోలు, వేలిముద్రలు, కంటిపాప గుర్తులు 75 ఏళ్లు దాచుకోవచ్చు. కానీ ముందు ఏ శిక్షా లేనివాణ్ణి విచారణ లేకుండా వదిలేసినా, అప్పీళ్లన్నీ అయ్యాక నిర్దోషి అని తేలినా, కోర్టు వద్దంటే తప్ప ఆ రికార్డు చెరిపేయాలని అదే చట్టం చెబుతోంది. మన గూడేల్లో అలా బయటపడినవాళ్లున్నారు. చెరిపేశారా అని అడిగినవాళ్లు ఎంతమంది? అర్జీ రాయడం మీకు వచ్చు. తీర్పు కాపీ జత చేసి ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. పద్దెనిమిది నిండని పిల్లల పేరు, ఫొటో ఎవరు బయటపెట్టినా బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరమని ఆ గ్రూపులోనే రాయండి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది. బోర్డు ఉంచండి. అరెస్టు చేసిన అధికారి పేరు, హోదా, తీసుకెళ్లిన చోటు, వేళ దాని మీదికి మళ్లీ రావాలి. డిజిటల్‌లో పెడితే, కేసు ఏమైందో అదే వరుసలో రాయాలి, కొట్టేసిన రోజే పేరు తీసేయాలి. ప్రెస్‌మీట్లో మనిషిని దుంగల పక్కన నిలబెట్టడం ఆపాలి. దుంగల ఫొటో తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు.