కాగితం చర్చి

కాగితంతో చర్చి కడతారా ఎవరైనా? జపాన్‌లో కట్టారు! 1995 జనవరి 17న కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. ఆ వెంటే చెలరేగిన మంటల్లో తకటోరి చర్చి కాలిపోయింది. అక్కడికొచ్చే వియత్నాం శరణార్థులకు తలదాచుకోవడానికి గుడారాలే దిక్కయ్యాయి. ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ వచ్చాడు. వాలంటీర్లు చేయి కలిపారు. ఇసుక నింపిన బీరు క్రేట్లే పునాదిగా, కాగితపు గొట్టాలే గోడలుగా ఇళ్లు లేచాయి. చర్చికైతే 160 మంది కష్టపడ్డారు. 58 గొట్టాలు నిలబెట్టి ఐదు వారాల్లో పూర్తిచేశారు. ప్రార్థనలూ అందులోనే, నలుగురూ కలిసి మాట్లాడుకోవడమూ అందులోనే. తాత్కాలికమనుకున్నది పదేళ్లు నిలిచింది. 2005లో దాన్ని జాగ్రత్తగా విప్పి తైవాన్‌కు పంపారు. 1999 భూకంపంలో దెబ్బతిన్న తావోమి గ్రామంలో 2008లో మళ్లీ నిలబెట్టారు. సాయం అందుకున్న ఊరే మరో ఊరికి ఆసరా అయిందన్నమాట!