పాత నవ్వులకు కావలి యెవరు?

ఇరువది, ముప్పది, డెబ్బది యేండ్ల క్రిందట టెలివిజనులో జనులను నవ్వించిన హాస్యనాటికలు నేడు ఇంటర్నెట్టు ద్వారమున మరల మన యిండ్లలో ప్రవేశించుచున్నవి. తండ్రులు చూచి నవ్విన వానిని బిడ్డలును చూచి నవ్వుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యీ సంతోషము నడుమ నొక ప్రశ్న వేయక తప్పదు. ఈ హాస్యము మనకు తిరిగి లభించినది ఎవరి పుణ్యమున? రేపును లభించునని పూచీ పడువారెవరు? స్ట్రీమింగు సంస్థలే దానిని బ్రతికించినవని లోకులు తలంచుచున్నారు. అది పొరపాటని మా యభిప్రాయము. మున్నెవరో దాచియుంచిరి గనుక నా సంస్థలు చూపగలుగుచున్నవి. దాచనిదానిని ఎంతటి సంస్థయు చూపజాలదు.

అమెరికాలో 1951లో ఆరంభమైన ‘ఐ లవ్ లూసీ’ చరిత్రమును చూడుడు. ఆ దినములలో ఇట్టి కార్యక్రమములు పెక్కులు న్యూయార్కు నుండి ప్రత్యక్షముగా ప్రసారమగుచుండెను. దూరప్రాంతములకు తెరమీది బొమ్మను ఫిలిముపై తీసి పంపెడివారు. ఆ బొమ్మ మసకగా నుండెడిది. లుసిల్ బాల్, డెజీ ఆర్నజ్ దంపతులు కాలిఫోర్నియా విడిచి పోమనియు, మూడు కెమేరాలతో మేలైన ఫిలిముపైననే తీయుదుమనియు పట్టుపట్టిరి. అందువలన పెరిగిన వ్యయమునకు బదులుగా తమ ప్రతిఫలములో కొంత తగ్గించుకొని, ఆ ఫిలిముపై హక్కును తమ సంస్థకు వ్రాయించుకొనిరి. ఒకసారి ప్రసారమైన నాటికకు పిదప విలువ యేమియుండునని వ్యాపారులు భావించిన కాలమది. ఆ దంపతుల దూరదృష్టి వలననే డెబ్బదియేండ్లు దాటినను ఆ బొమ్మ చెక్కుచెదరక నిలిచియున్నది.

ఇంగ్లండున దీనికి విరుద్ధముగా జరిగినది. ‘డాడ్స్ ఆర్మీ’ యనునది 1968 మొదలు 1977 వరకు బీబీసీవారు ప్రసారము చేసిన హాస్యధారావాహిక. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఊరి కాపుదలకై చేరిన ముదుసలుల కథ యది. ఆనాడు వీడియో టేపు వెలగలిగిన వస్తువు. చెరిపి మరల వాడుకొన వీలైనది. నటులతో గల యొడంబడికలను బట్టి పునఃప్రసారములకును పరిమితి యుండెను. కావున నెన్నియో కార్యక్రమములను చెరిపివేసిరి. 1969 నాటి ‘డాడ్స్ ఆర్మీ’ రెండవ శ్రేణిలోని యారు భాగములలో అయిదు మాయమైనవి. 2001లో రెండింటి ఫిలిము ప్రతులు తిరిగి చేరినవి. అవియు ప్రభుత్వపు భాండాగారమున కాక యొక సామాన్యుని యొద్ద నిలిచినవి. తక్కిన మూటి దృశ్యములు నేటికిని దొరకలేదు. విత్తనపుగింజలను వండుకొని తిన్న రైతు మరుసటి యేట నేమి చల్లును?

స్ట్రీమింగు సంస్థల స్థితి కౌలుదారుని స్థితి వంటిది. గడువున్నంతకాలము చేను పచ్చగా కనుపించును. గడువు తీరగనే కౌలుదారుడు వెడలిపోవును. ‘ఫ్రెండ్స్’ అను ప్రఖ్యాత ధారావాహిక 2020 జనవరి 1వ తేదీన అమెరికాలోని నెట్‌ఫ్లిక్సు నుండి తొలగినది. మే నెలలో హెచ్‌బీవో మాక్సు అను వేరొక వేదికపై తేలువరకు ఆ దేశమున నది యే స్ట్రీమింగు వేదికపైనను లేకపోయెను. కోట్లకొలది ధనము పలుకు నాటికకే యిట్టి గతియైనప్పుడు, బేరము రాని చిన్న నాటికల గతి యేమగును? నెలనెలకు చందా కట్టువానికి చూచు నవకాశమే కాని నిలుపుకొను నధికారము లేదు.

ఇక మన సంగతి విచారింతము. గుణ్ణం గంగరాజు రూపొందింపగా 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వరకు జెమినీ టీవీలో సాగిన ‘అమృతము’ ధారావాహికను ఎఱుగని తెలుగువారరుదు. అమృతరావు, ఆంజనేయులు, అప్పాజీ, సర్వము అను పేర్లు విన్నంతనే నవ్వు వచ్చును. నేడు యూట్యూబులో దానిని చూచుచున్న బిడ్డలలో పెక్కుమంది అది యారంభమైన నాటికి పుట్టనైన లేదు. ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు 2018లో కీర్తిశేషుడయ్యెను. ఆయన నవ్వు మాత్రము నిలిచినది. ఇది నిర్మాతల శ్రద్ధ వలన కలిగిన భాగ్యము. కాని యొక జాతి యొక్క హాస్యసంపద వ్యక్తుల శ్రద్ధపైననే యాధారపడవలెనా? 1977లో వెలసిన హైదరాబాదు దూరదర్శన కేంద్రము నాటినుండి ప్రసారమైన తెలుగు హాస్యనాటికలలో నెన్ని నిలిచినవో, ఏవి చెడినవో ప్రజలకు తెలియవలదా? టేపు శాశ్వతము కాదు. వేడిమికి, చెమ్మకు, బూజునకు అది లొంగును. దానిని చూపు యంత్రములును కరవగుచున్నవి; గృహోపయోగమునకై వీసీఆరులు చేయుచుండిన జపానుదేశపు ఫునాయి సంస్థ 2016లో ఆ పని నిలిపివేసినది.

మన దేశమున 1954 నాటి శాసనమును బట్టి ప్రతి ముద్రితగ్రంథపు ప్రతియు కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపురి కన్నెమరా మొదలైన మరి మూడు గ్రంథాలయములకును చేరవలెను. టెలివిజను కార్యక్రమములకు ఆ శాసనమున నట్టి విధి లేదు. ఫ్రాన్సువారు 1992లోనే రేడియో, టెలివిజను కార్యక్రమములకును ఈ విధిని వర్తింపజేసిరి. అక్కడి జాతీయ దృశ్యశ్రవణ సంస్థ యా సంపదను కాపాడుచున్నది. వారు చేసినది మనము చేయజాలమా?

పాత హాస్యములో నేటివారికి రుచింపని మాటలు, కించపరచు పరిహాసములు కలవని కొందరనవచ్చును. నిజమే. అట్టిచోట నొక హెచ్చరిక చేర్చుట న్యాయము; చెరిపివేయుట న్యాయము కాదు. తాతలు దేనికి నవ్విరో తెలిసికొననివాడు తాతల నెఱుగడు.

కావున మేము కోరునవి మూడు. ప్రసారభారతివారు 2024 నవంబరులో ‘వేవ్స్’ అను స్వకీయ వేదికను తెఱచిరి, సంతోషము. దానితో తృప్తిపడక, ప్రతి కేంద్రమునను నిలిచియున్న టేపుల పట్టికను ప్రకటింపవలెను. కేంద్రప్రభుత్వమువారు 1954 నాటి విధిని టెలివిజనుకును, స్ట్రీమింగునకును విస్తరింపవలెను. నిర్మాతల హక్కు నిర్మాతలకే యుండవలెను, ప్రతి యొక్కటి మాత్రము ప్రజలకు దక్కవలెను. పాఠకులును తమ యటకలమీది వీడియో క్యాసెట్లను పారవైచుటకు ముందొక పర్యాయము పరీక్షింపవలెను. పోయినదనుకొన్న నవ్వు ఎవరి యింట దాగియున్నదో యెవరెఱుగుదురు?