సముద్రంలో పోయినవారికి ఒడ్డున ఒక తోట

1996 నవంబరు 6 రాత్రి అనగానే కోనసీమ రైతుకు ముందు గుర్తొచ్చేది కొబ్బరి. కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన తీరం దాటిన ఆ తుపాను తెల్లారేసరికి తోటలకు తోటల్నే నేలకు పడుకోబెట్టింది. మొవ్వులు మెలిపడిపోయిన చెట్లు కొన్ని, వేళ్లతో సహా లేచిపోయినవి కొన్ని. ఏడ్చాం, లెక్క రాయించుకున్నాం, మళ్లీ మొక్కలు పాతుకున్నాం. అప్పుడు పెట్టిన మొక్కలు ఏనాడో కాపుకొచ్చాయి.

మరి భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల మాటేమిటి? అక్కడ పోయింది చెట్లు కాదు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి మళ్లీ ఒడ్డు ఎక్కనివారు వందల్లో ఉన్నారు. అప్పటికి దీపావళి నాలుగు రోజులే ఉంది.

పడిపోయిన కొబ్బరిచెట్టు కనీసం కళ్లెదుట ఉంటుంది. కొలుచుకోవచ్చు, నరికి తీసెయ్యొచ్చు, ఆ గోతిలోనే ఇంకో మొక్క పెట్టుకోవచ్చు. సముద్రంలో పోయిన మనిషి సంగతి అలా కాదు. శవం దొరకదు. దహనం లేదు, సమాధి లేదు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పెట్టుకుంటారు, సరే. కానీ ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే గాని మనిషి పోయినట్టు చట్టం భావించదు. అన్నేళ్లూ ఆ ఇంటి ఆడమనిషి భర్త ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నకు ఏ ఆఫీసూ జవాబు చెప్పదు. వెళ్లి కూర్చుని ఏడవడానికి నాలుగడుగుల చోటు కూడా ఆమెకు ఉండదు. సముద్రం వైపు తిరిగి కూర్చుందామంటే, పొద్దున్నే కొడుకును అదే సముద్రంలోకి పంపాలి.

అందుకే నేననేది, తీరంలో ఇలాంటి వాళ్ల పేరిట తోటలు వెయ్యాలి. స్తూపాలు వద్దనను. ఉన్నచోట ఉండనివ్వండి. కానీ స్తూపం దగ్గరకు ఏడాదికొకసారి దండ తీసుకుని వెళతాం. తోటకైతే రోజూ ఎవరో ఒకరు వెళ్లాలి, నీళ్లు పొయ్యాలి. వల బాగుచేసుకునేవాడికి నీడ కావాలి. అలా మనుషులు మసిలేచోటే పోయినవాళ్ల పేర్లు నోట్లో నలుగుతాయి.

ఇది మత్స్యకారులు ఒక్కరే చేసుకోవాల్సిన పని కాదు. పేర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి, మొక్కను బతికించే చెయ్యి మీ దగ్గర ఉంది రైతు సోదరులారా! ఇసుక నేలలో, ఉప్పుగాలిలో తోట నిలబెట్టడం గోదావరి ఒండ్రులో కంద వేసినంత తేలిక కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

తోట అనగానే మన నాయకులకు పచ్చిక, క్రోటన్లు, మధ్యలో ఫౌంటెను గుర్తొస్తాయి. ప్రారంభోత్సవం నాడు బాగానే ఉంటుంది. రెండో వేసవికి పచ్చిక ఎండుతుంది, ఫౌంటెనులో దోమలు చేరతాయి. ఆ డబ్బుతో ఒక మనిషికి మూడేళ్లు జీతమిచ్చి నీళ్లు పోయించడం మేలు.

ఇలాంటి వనాలు బయటి దేశాల్లోనూ వేశారు. 2014లో దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది పోయారు. అందులో 250 మంది బడిపిల్లలు. వాళ్ల జ్ఞాపకంగా అక్కడి జిందో దీవిలో గింకో చెట్లతో వనం పెంచారు. గింకో ఆ నేలకు అలవాటైన చెట్టు. మనమూ మన ఉప్పుగాలికి అలవాటైన చెట్లే పెట్టుకోవాలి.

నన్నడిగితే మొదటి పేరు పొన్న. ఎదుగుదల నెమ్మదే గానీ సముద్రపు గాలికి వెరవదు, నీడ చిక్కగా ఇస్తుంది. పైగా పొన్న కలప పడవలకు వాడేది. పడవమీద పోయినవాడికి ఇంతకంటే తగిన చెట్టేముంది? తరువాత గంగరావి. దీని కొమ్మ పాతినా వేరు పడుతుంది కాబట్టి ఖర్చు లేదు. కానుగ, వేప కాస్త లోపలి వైపు పెట్టుకోవాలి. గట్టుమీద తాటి టెంకలు పాతి వదిలెయ్యండి, వాటి దారిన అవి వస్తాయి. ఇసుక కదలకుండా అంచున మొగలి. పాములు చేరతాయని కొందరు భయపడతారు, అందుకని నడిచే దారికి దూరంగా వెయ్యండి. నేల బురదగా ఉండి, పోటుకు నీరెక్కే మొగ దగ్గరైతే ఇవేవీ పనికిరావు. అక్కడ మడచెట్లే పెట్టాలి.

కొబ్బరి మాటేమిటని కోనసీమలో అడక్కుండా ఉండరు. పెట్టుకోండి, అయిదారు చెట్లకు మించకుండా. అంతకు మించితే కాయల వేలంపాట, ఆ వెనకే తగాదా తప్పవు. ఆ వచ్చిన కాయలు కూడా పోయినవారి ఇళ్లకే చేరాలని ముందే రాసుకోండి.

గాలికి అడ్డుగా సరుగుడు తప్పనిసరి. సముద్రం వైపు నాలుగైదు వరుసలు, ఒక వరుస మొక్కల మధ్య సందులో రెండో వరుస మొక్క వచ్చేట్టు ముందు అవి పెట్టి, ఏడాది ఆగి వాటి చాటున మిగతావి నాటాలి. తొందరపడి అన్నీ ఒకేసారి నాటితే పొన్న చిగుళ్లు ఉప్పుకు మాడిపోతాయి. నాలుగైదేళ్లకు సరుగుడు అమ్మకానికి వస్తుంది. అప్పుడు ఊళ్లో అందరి కళ్లూ దానిమీదే. లోపలి వైపు వరుసల్ని మాత్రం వంతులవారీగా కొట్టి, మళ్లీ నాటి, ఆ డబ్బు కాపలా మనిషికి వాడుకోవచ్చు. సముద్రం వైపు రెండు వరుసలు ఎవరడిగినా ముట్టుకోకూడదు. అలాగని సరుగుడును అలల దాకా తీసుకుపోవద్దు. మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఖాళీ ఇసుకలోనే.

గోతులు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు చాలు. అడుగున కొబ్బరి డొక్కలు లోపలి పక్క పైకి ఉండేట్టు పరవండి, తడి పట్టి ఉంచుతాయి. ఆపైన చెరువుమట్టి, చివికిన పశువుల ఎరువు ఇసుకతో కలిపి నింపుకోవాలి. నీటికి దొరువు తవ్వుకుంటే మంచిది. లోతుకు పోకండి, తియ్యనీరు పైపొరలోనే ఉంటుంది, ఇంకా తవ్వితే ఉప్పు తగులుతుంది. మోటారు పెట్టి లాగినా అదే జరుగుతుంది. మొక్క పక్కన అడుగున చిన్న చిల్లు పెట్టిన కుండ పాతి నింపుతుంటే నీరు వృథా కాదు. మేకల సంగతి మీకు తెలిసిందే. మొదటి రెండేళ్లు తాటిమట్టల దడి లేకపోతే ఈ రాసిందంతా దండగ.

ఇక అసలు విషయం. తోట అనగానే చాలామంది చెప్పేది, ఒక్కొక్కరి పేర ఒక్కొక్క చెట్టు అని. వినడానికి చాలా బాగుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఇసుక నేలలో నాటిన నూరు మొక్కలూ బతుకుతాయని ఏ రైతు హామీ ఇవ్వగలడు? కొడుకు పేరు చీటీ కట్టిన మొక్క ఎండిపోతే ఆ తల్లికి ఏం చెబుతాం? కొత్త మొక్క పెట్టి అదే చీటీ కడతామా? శవం కూడా చూసుకోలేకపోయిన మనిషికి మొక్క ఎండడం చూపించడం అన్యాయం. పక్కింటివాడి మొక్క ఏపుగా ఉండి తన మొక్క గిడసబారితే అదింకో బాధ. చెట్లన్నీ అందరివీ. పేర్లు మాత్రం ఒకే రాతి పలకమీద, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, వయసుతో సహా చెక్కించాలి. కూలికి వేరే ఊరినుంచి వచ్చి పడవెక్కినవాళ్లు జాబితాల్లో జారిపోతుంటారు. వాళ్ల కోసం పలకమీద కింద కొంత ఖాళీ వదలాలి. శవం దొరికినవారు, దొరకనివారు అని రెండు పట్టీలు వద్దు.

స్థలం విషయంలో ఒక జాగ్రత్త. తీరానికి దగ్గర్లో కట్టడాలకు నియంత్రణ నిబంధనలున్నాయి. గదులు, గోపురాలు అనుకుంటే కాగితాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. చెట్లు, ఒక పలక, కూర్చోవడానికి పాత పడవ దుంగలు ఉంటే చాలు. స్థలం పంచాయతీదో, ప్రభుత్వానిదో తేల్చుకుని గ్రామసభలో తీర్మానం రాయించుకోండి. ఆ తీర్మానంలో సర్పంచి పేరుకంటే ముందు నీళ్లు పోసే మనిషి జీతం ఎక్కడినుంచి వస్తుందో రాయించండి.

మే నెలలో గోతులు తవ్వి ఎండనిస్తే, తొలకరి వానలు రెండు పడ్డాక సరుగుడు నాటుకోవచ్చు. పొన్న మొక్కలు అడిగిన వెంటనే అన్ని నర్సరీల్లోనూ దొరకవు. అవి రెండో ఏడు నాటేవే కాబట్టి, ఈలోగా ముదిరిన కాయలు ఏరి, పెంకు చితక్కొట్టి సంచుల్లో మీరే నారు పోసుకోండి.